64.99 పౌండ్ల సింహం: ఇంటిపేరు చరిత్ర ఫ్రేము కొన్న కథ

ఫ్రేము బాగుంది. చెక్క గట్టిది, మూలలు నున్నగా ఉన్నాయి, గోడకి తగిలించే కొక్కెం సరిగ్గా మధ్యలో ఉంది. నేనిచ్చే ఒక్క స్టారు దానికే. ఈ గోలంతా లోపల పెట్టిన కాగితం గురించి.

నేను ఇంగ్లండ్‌లో, మాంచెస్టర్‌కి ఉత్తరాన ఉన్న బరీ అనే ఊళ్ళో, ఒక మందుల షాపులో పనిచేస్తాను. డాక్టర్ చీటీలు చూసి మందులు కట్టివ్వడం నా పని. నడవలేని ముసలివాళ్ళ ఇళ్ళకి ఆ మందులు చేరవేసే వ్యాన్ డ్రైవర్ ఒకాయన, ఇరవై రెండేళ్ళు పనిచేసి ఈమధ్యే రిటైరయ్యాడు. ఆయన ఇంటిపేరు షఫిల్‌బాటమ్.

ఇక్కడ చిన్నా పెద్దా తేడా లేకుండా అందరినీ పేరు పెట్టే పిలుస్తారు. మా నాన్న వయసు మనిషిని అలా పిలవడానికి నాకు మొదటి ఏడాదంతా నోరు రాలేదు. అందుకని మిస్టర్ షఫిల్‌బాటమ్ అనేదాన్ని. అలా పిలిచినప్పుడల్లా కౌంటర్ ముందు నిలబడ్డవాళ్ళలో ఎవరో ఒకరు నవ్వు ఆపుకునేవారు. ఎందుకో ఆర్నెల్లకి గానీ అర్థం కాలేదు. షఫిల్ అంటే కాళ్ళీడ్చుకుంటూ నడవడం. బాటమ్ అంటే, అదే, కూర్చునే భాగం. రెండూ కలిపితే ఎలా వినబడుతుందో మీరే ఊహించుకోండి.

నాకు మాత్రం నవ్వు రాలేదు. మా పుట్టింటి పేరు పందిళ్ళపల్లి. పందిళ్ళు అంటే పెళ్ళికి వేసే పందిళ్ళే. కానీ బళ్ళో హాజరు పిలిచేటప్పుడు టీచరుగారు మొదటి రెండక్షరాలు పలికేసరికే వెనక బెంచీవాళ్ళు గుర్రుగుర్రుమనేవాళ్ళు. పదేళ్ళు భరించాను. అందుకని ఆయన రిటైర్మెంట్‌కి ఏమిద్దాం అని మా స్టాఫంతా కూర్చున్నప్పుడు, ఆయన ఇంటిపేరు పుట్టుపూర్వోత్తరాలు రాయించి ఫ్రేము కట్టించి ఇద్దామన్నాను. అందరికీ నచ్చింది. మేం 14 మందిమి, తలా 5 పౌండ్లు వేసుకుంటే 70 వచ్చాయి. ఐడియా నీదే కాబట్టి కొనే పనీ నీదే అన్నారు.

ఇలాంటి ఫ్రేములు అమ్మే వెబ్‌సైట్లు బోలెడున్నాయి. నేను కొన్నదాని పేరు చెప్పను, ఎందుకంటే తర్వాత చూస్తే అన్నీ ఒక తాను గుడ్డలే. ఇంటిపేరు టైపు చేయాలి, రంగు ఎంచుకోవాలి, డబ్బు కట్టాలి. ఫ్రేము 64.99, పోస్టేజీ 5.95. మొత్తం 70.94. ఆ 94 పెన్నీలు నేనే వేసుకున్నాను. ఆరు రోజుల్లో వచ్చింది. ప్యాకింగ్‌కి వంక పెట్టలేం.

లోపల పాతకాలపు తోలు కాగితంలా కనబడేలా అచ్చువేసిన మామూలు కాగితం. పైన నీలం రంగు డాలు, దాని మీద నిలబడి పంజా ఎత్తిన వెండి సింహం, కింద ఒక లాటిన్ సూక్తి. దాని కింద మూడు పేరాల చరిత్ర. మొదటి పేరా ప్రకారం ఈ ప్రాచీన వీరవంశం 1066లో ఇంగ్లండ్‌ని జయించిన విలియం దండయాత్రతో పాటు, ఫ్రాన్స్‌లోని నార్మండీ నుంచి ఓడల్లో వచ్చింది. రెండో పేరాలో, కుంటుతూ నడిచే ఒక యోధుణ్ణి బట్టి ఈ పేరు వచ్చిందని ఉంది. మూడో పేరాలో ధైర్యం, విధేయత, ఆతిథ్యం ఈ కుటుంబం రక్తంలోనే ఉన్నాయని ఉంది. మూడో పేరా ఏ ఇంటిపేరుకైనా సరిపోతుందన్న అనుమానం నాకు అప్పుడే రావాల్సింది. రాలేదు. సింహం బాగుంది కదా అని గిఫ్టు పేపరు చుట్టేశాను.

చివరి రోజు సాయంత్రం షాపు మూసేశాక కేకు కోశాం, ఫ్రేము చేతిలో పెట్టాం. ఆయన కళ్ళజోడు సరిచేసుకుని మొదటి నుంచి చివరిదాకా చదివాడు. నాకు లోపల టెన్షన్. చదివి, నా భుజం తట్టి, "చాలా బాగుంది లవ్" అన్నాడు. ఇక్కడివాళ్ళు లవ్ అంటే మనం అమ్మా అన్నట్టే, కంగారుపడకండి. తర్వాత నెమ్మదిగా, "మావాళ్ళకి సింహమెక్కడిదమ్మా, ఉంటే గింటే గొర్రె ఉండాలి. మా తాత చెప్పేవాడు, మనది గొర్రెల పేరు అని" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు అదే వెబ్‌సైట్‌లోకి వెళ్ళి, ఊరికే, మా పుట్టింటి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను. ఒక్క క్షణం చక్రం తిరిగింది. "అభినందనలు, మీ కుటుంబ చిహ్నం దొరికింది" అని వచ్చింది. డాలు ఎరుపు, సింహం మాత్రం అదే. కింద ప్రివ్యూలో మావాళ్ళు కూడా 1066లో నార్మండీ నుంచి పడవెక్కారు. ధైర్యం, విధేయత, ఆతిథ్యం సరేసరి.

ఇక్కడ అందరూ తెలుసుకోవాల్సిన ముక్క ఒకటుంది. ఇంగ్లండ్‌లో ఇంటిపేరుకి చిహ్నం అనేదే ఉండదు. డాలు, సింహం లాంటి చిహ్నాలు ఒక మనిషికి ఇస్తారు, ఆయన తర్వాత ఆయన వారసులకి దక్కుతాయి. అదే ఇంటిపేరున్న పక్కింటాయనకి దాని మీద ఏ హక్కూ లేదు. వీటిని ఇచ్చేది లండన్‌లోని కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్. 1484లో మూడో రిచర్డ్ రాజు దానికి మొదటి చార్టర్ ఇచ్చాడు. ఇంటిపేరుకి చిహ్నం ఉండదన్న మాట వాళ్ళే తమ సైటులో సూటిగా రాసిపెట్టారు. అది చదవడానికి రెండు నిమిషాలు పడుతుంది, డబ్బులు అక్కర్లేదు. 16, 17 శతాబ్దాల్లో వాళ్ళ అధికారులు జిల్లా జిల్లా తిరిగి, హక్కు లేకుండా చిహ్నాలు వాడుకునేవాళ్ళని పట్టుకుని బహిరంగంగా పరువు తీసేవారు. దొంగ చిహ్నాలు కనబడితే చెరిపేసే అధికారం కూడా వాళ్ళకి ఉండేది. వాళ్ళే ఇప్పుడు మా షాపుకొస్తే నాకేం గతి పట్టేదో.

రెండో పేరా కూడా తప్పే. ఆ సంగతి తేల్చింది 2016లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు వేసిన బ్రిటన్, ఐర్లండ్ ఇంటిపేర్ల నిఘంటువు. నాలుగు లావుపాటి సంపుటాలు, 45 వేలకి పైగా పేర్లు. కొనాలంటే ఆస్తులమ్మాలి, లైబ్రరీలో చూస్తే ఉచితం. ఈ నిఘంటువు గొప్పతనమేమిటంటే, నోటిమాటలు నమ్మకుండా పాత పన్ను పట్టీలు, కోర్టు కాగితాలు, చర్చి రిజిస్టర్లు చూసి ఏ పేరు ఏ ఏడాది ఏ స్పెల్లింగుతో రాశారో ఇస్తుంది. అలా చూస్తే మా డ్రైవర్‌గారి పేరుకి షఫిల్‌తోనూ సంబంధం లేదు, ఆ రెండో మాటతోనూ లేదు.

అసలు సంగతి ఇది. లాంకషైర్‌లో, మా బరీ ప్రాంతంలోనే, షిప్పర్‌బాటమ్ అని ఒక చోటుంది. 13వ శతాబ్దపు రాతల్లో అది షిప్పెవాలెబోథెమ్. విడదీస్తే మూడు పాత ఇంగ్లీషు మాటలు: గొర్రె, ఊట, లోయ అడుగు. గొర్రెలూట పల్లం అనుకోండి. గొర్రెలు నీళ్ళు తాగేవో, ఉన్ని కత్తిరించే ముందు వాటిని అక్కడ కడిగేవాళ్ళో. ఆ చోటినుంచి వచ్చినవాణ్ణి పక్క ఊళ్ళో ఫలానా షిప్పెవాలెబోథెమ్ అతను అనేవారు. ఇది మనకి కొత్తేం కాదు. ఊళ్ళో ఉన్నంతకాలం ఎవరూ ఆ ఊరిపేరుతో పిలవరు, ఊరు దాటాకే ఊరిపేరు ఇంటిపేరవుతుంది. పందిళ్ళపల్లిలో అందరూ పందిళ్ళపల్లివాళ్ళే కదా, ఎవణ్ణి అలా పిలుస్తారు.

తర్వాత ఆ పొడుగు పేరు నోళ్ళలో నలిగింది. షిప్పెవాలె కాస్తా షిప్పిల్ అయింది, ఇంకా నలిగాక, జనానికి తెలిసిన మాట దగ్గరికి జారి షఫిల్ అయి కూర్చుంది. కాళ్ళీడ్చడం అనే అర్థంలో ఆ మాట 16వ శతాబ్దానికి ముందు ఇంగ్లీషు రాతల్లో కనబడదు. ఇంటిపేరేమో 13వ శతాబ్దం నాటికే ఉంది. ఇంకా పుట్టని మాటతో పేరెలా పెడతారు? ఆ కుంటి యోధుడు ఫ్రేము అమ్మేవాడి బుర్రలో పుట్టినవాడే.

బాటమ్ సంగతి ఇంకా బాగుంటుంది. ఉత్తర ఇంగ్లండ్‌లో కొండల మధ్య పల్లాన్ని బాటమ్ అనేవారు. మాకు నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న రామ్స్‌బాటమ్ అలా పుట్టిన పేరే. పొట్టేళ్ళ లోయ అని కొందరు, అడవి వెల్లుల్లి లోయ అని కొందరు అంటారు. పక్క ఊరు బోల్టన్‌లో ఓకెన్‌బాటమ్ ఉంది, ఓక్ చెట్ల పల్లం అన్నమాట. హిగిన్‌బాటమ్ అనే ఇంటిపేరు అక్కడిదే. లాంగ్‌బాటమ్, వింటర్‌బాటమ్, సైడ్‌బాటమ్ అని ఈ ప్రాంతమంతా లోయల పేర్లే. లండన్‌లో పకపకా నవ్వే పేర్లు ఇక్కడి టెలిఫోన్ డైరెక్టరీలో వరసగా ఉండేవి.

ఆ నవ్వు భరించలేక చాలామంది స్పెల్లింగు మార్చుకున్నారంటారు. రెండు టీలు తీసి టీహెచ్ పెట్టి షఫిల్‌బాథమ్ అని రాసుకున్నారట. పైగా చివర్న "థామ్" అని దీర్ఘం తీసేవాళ్ళ మీద ఇక్కడ బోలెడు జోకులున్నాయి, గొప్పకి పోతున్నారని. నేనూ అలాగే అనుకున్నాను. పాత రాతలు చూస్తే తల తిరిగింది. ఈ ప్రాంతంలో మధ్యయుగపు మాటే బోథెమ్, టీహెచ్‌తోనే. అంటే సిగ్గుపడి మార్చుకున్నారని ఎగతాళి చేసిన స్పెల్లింగే పాతది! మన క్రికెట్ పిచ్చోళ్ళందరికీ తెలిసిన ఇయాన్ బోథమ్ ఇంటిపేరు ఆ మాటే. లోయవాడు అని అర్థం. 1981లో ఆస్ట్రేలియాని ఒంటిచేత్తో ఉతికినప్పుడు ఆయన పేరు విని ఎవరైనా నవ్వారా?

ఇవన్నీ తెలిశాక ఫ్రేము వాళ్ళకి మెయిల్ రాశాను. పేరు వేసి తయారుచేసిన వస్తువు కాబట్టి తిరిగి తీసుకోం అని ఒక్క ముక్కలో జవాబొచ్చింది. అది సగం నిజం. 14 రోజుల్లో మనసు మార్చుకుని వాపసివ్వడం ఇలాంటి వస్తువులకి చెల్లదు. కానీ చెప్పింది ఒకటీ పంపింది ఇంకోటీ అయితే అది వేరే సంగతి. 2015 నాటి వినియోగదారుల చట్టం ప్రకారం, వర్ణనకి తగ్గట్టు లేని వస్తువుని 30 రోజుల్లో తిరస్కరించవచ్చు. "పరిశోధించి రాసిన మీ అసలైన కుటుంబ చిహ్నం" అని మీ పేజీలో ఉంది, చిహ్నమూ అసలుది కాదు, పరిశోధనా లేదు అని, పందిళ్ళపల్లి వారి సింహం స్క్రీన్‌షాట్ జతచేసి పంపాను. 20 శాతం డిస్కౌంట్ కూపన్ ఇస్తామన్నారు. ఇంకో సింహం నాకెందుకు? మూడో మెయిల్‌కి 30 పౌండ్లు వెనక్కిచ్చారు. ఇంకా పోరాడితే మొత్తం వచ్చేదేమో, నాకు ఓపిక లేకపోయింది.

ఆ 30 పౌండ్లు మా 14 మందివి. ఏం చేద్దామని అడిగితే, ఆయన కోసమే ఖర్చుపెట్టు అన్నారు. అసలు రివ్యూ ఇక్కడ మొదలవుతుంది.

ఇంగ్లండ్, వేల్స్‌లో 1837 జూలై 1 నుంచి పుట్టుకలు, చావులు, పెళ్ళిళ్ళు ప్రభుత్వం నమోదు చేస్తోంది. ఆ నమోదుల నకళ్ళు జనరల్ రిజిస్టర్ ఆఫీసు దగ్గరుంటాయి. వాళ్ళ వెబ్‌సైటు చూస్తే ఇరవయ్యేళ్ళ కిందటి మొహం, రంగులు కూడా నీరసంగా ఉంటాయి. ప్రతి వెతుకులాటకీ ఆడా మగా అని విడిగా చెప్పాలి. రెండూ ఒకేసారి వెతకనివ్వదు, విసుగొస్తుంది. కానీ పాత పుట్టుక నమోదులు 3 పౌండ్లకే తెర మీద వెంటనే తెరుచుకుంటాయి. కాగితం మీద సర్టిఫికెట్ కావాలంటే 12.50, పోస్టు కోసం ఎదురుచూపులు. వంశం వెతుక్కునేవాళ్ళకి తెర మీది బొమ్మ చాలు. ఇంకో గొప్ప సంగతి, పుట్టుకల జాబితాలో తల్లి పుట్టింటి పేరు 1837 నుంచే ఉంటుంది, ఉచితంగా చూడొచ్చు. ఒకే ఊళ్ళో ఒకే పేరున్న పదిమంది పిల్లల్లో మనవాణ్ణి పట్టుకోవాలంటే ఆ తల్లి పేరే ఆధారం.

శనివారాలు డ్యూటీ అయ్యాక ఆయనా నేనూ షాపు వెనక గదిలో కూర్చునేవాళ్ళం. ఆయన టీ పెట్టేవాడు, నేను వెతికేదాన్ని. ఆయన తాత 1896లో పుట్టాడు, అక్కడ మొదలుపెట్టి మొత్తం ఏడు బొమ్మలు కొన్నాం, 21 పౌండ్లు. అందులో ఒకటి తప్పు. అదే ఏడాది, అదే పేరు, వేరే షఫిల్‌బాటమ్‌ల పిల్లాడు. 3 పౌండ్లు గంగలో కలిశాయి. తొందరపడి తల్లి పేరు సరిచూసుకోలేదు, ఆ తప్పు నాదే.

ఆ జాబితాలో పెళ్ళిళ్ళు ఉండవు. వాటికి ఫ్రీబీఎండీ అని, 1998 నుంచి వాలంటీర్లు కూర్చుని ఎక్కిస్తున్న సైటు ఉంది. పైసా ఖర్చు లేదు. చర్చి రిజిస్టర్లకి లాంకషైర్ ఆన్‌లైన్ పారిష్ క్లర్క్స్ అని ఇంకొకటి, అదీ వాలంటీర్లదే, అదీ ఉచితమే. ఇళ్ళల్లో కూర్చుని రెండు వందల ఏళ్ళ కిందటి చేతిరాతలు చదివి టైపు చేసేవాళ్ళకి ఎన్ని స్టార్లయినా తక్కువే. 64.99 తీసుకున్నవాడు ఒక్క కాగితం కూడా తిప్పలేదు, ఒక్క పెన్నీ తీసుకోనివాళ్ళు లక్షల పేర్లు రాసిపెట్టారు. ఒక్క చిట్కా: మొదటి అక్షరాలు మాత్రమే ఇచ్చి, మిగతా స్పెల్లింగు వదులుగా ఉంచి వెతకండి. నేను రెండు టీలతో పట్టుపట్టి కూర్చున్నందుకు రెండు శనివారాలు వృథా అయ్యాయి.

ఎందుకంటే ఈ షఫిల్‌బాటమ్‌లకి స్పెల్లింగు అనేదే లేదు. ముత్తాత తండ్రి పెళ్ళి 1839లో బరీలో జరిగింది. 1837 తర్వాతి పెళ్ళి నమోదుల్లో వధూవరుల తండ్రుల పేర్లూ వాళ్ళ వృత్తులూ కూడా రాయాలి, అందుకే ఒక్క కాగితంతో ఇంకో తరం దొరుకుతుంది. వరుడు బట్టలు చలువచేసే కార్ఖానా కూలి, తండ్రి మగ్గం నేసేవాడు. సంతకాల చోట ఇద్దరికీ చెరో ఇంటూ గుర్తు. చదువు లేదు. ఫాదరీ చెవికి ఎలా వినబడితే అలా రాశాడు: పైన షఫిల్‌బాథమ్, కింద ఇంటూ గుర్తు పక్కన షిప్పిల్‌బాటమ్. ఒకే పేజీ, ఒకే చెయ్యి, ఒకే రోజు. తప్పని చెప్పడానికి పెళ్ళికొడుక్కి చదవడం రాదు. అలా రెండు స్పెల్లింగులూ ఒకే ఇంటివి. టీహెచ్‌వాళ్ళు గొప్పోళ్ళు, రెండు టీలవాళ్ళు మామూలోళ్ళు అన్న మాట ఆ పేజీ ముందు నిలవదు.

ఆయన ఆ షిప్పిల్ అన్న మాట మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు. పాత పేరు ఇంకా పూర్తిగా చావలేదు అప్పటికి. "చూశావా లవ్, గొర్రె ఇంకా తోక ఊపుతోంది" అన్నాడు.

మిగిలిన 9 పౌండ్లలో మాంచెస్టర్ వెళ్ళాం. ట్రామెక్కి సెయింట్ పీటర్స్ స్క్వేర్‌లో దిగితే ఎదురుగానే సెంట్రల్ లైబ్రరీ. 1934లో కట్టిన గుండ్రటి భవనం, లోపల పెద్ద గుమ్మటం కింద చదువుకునే హాలు. ఆ హాల్లో పుస్తకం కింద పడితే ఆ చప్పుడు ఒక చుట్టు తిరిగొస్తుంది. అంత దూరం వెళ్ళింది 1921 జనాభా లెక్కల కోసం. ఇంట్లో కూర్చుని చూడాలంటే డబ్బులు, ఆ లైబ్రరీలో ఉచితం. ఇక్కడ జనాభా లెక్కలు వందేళ్ళు బీరువాలో పెట్టి తర్వాత బయటపెడతారు, 1921వి 2022 జనవరిలో వచ్చాయి. తర్వాతివి చూద్దామనుకుంటే కుదరదు. 1931 కాగితాలు 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి, 1941లో యుద్ధం వల్ల లెక్కలే తీయలేదు. కాబట్టి ఇప్పట్లో చివరి లెక్క ఇదే అనుకోవాలి.

1921 లెక్కల్లో ఏ పని అని మాత్రమే కాదు, ఎవరి దగ్గర చేస్తున్నావని కూడా అడిగారు. తాత కార్ఖానా పేరు ఆయన సొంత చేతిరాతలో ఉంది. ఈ మనిషికి రాయడం వచ్చు. ఇంటిపేరు రెండు టీలతో, ఒత్తి ఒత్తి రాశాడు. మా డ్రైవర్‌గారు తన తాత చేతిరాత చూడటం అదే మొదటిసారి. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, నేను పక్కకి తిరిగి గుమ్మటం వైపు చూస్తూ కూర్చున్నాను. లైబ్రరీ సిబ్బంది గురించి కూడా చెప్పాలి. కంప్యూటర్ ముందు మేం తడబడుతుంటే ఒకమ్మాయి వచ్చి పావుగంట నిలబడింది. ఇంటిపేరు అడిగి, స్పెల్లింగు రాసుకుంది, పెదవి కూడా కదపలేదు. ఆ ఒక్క విషయానికే ఐదు స్టార్లు.

1790ల దాకా ఒక బాప్తిస్మం నమోదు దొరికింది, ఆ ముందు తీగ తెగింది. చర్చిల్లో రిజిస్టర్లు పెట్టమని 1538లోనే ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞ ఇచ్చినా, నేతగాళ్ళ ఇళ్ళలో అన్నదమ్ములందరూ పిల్లలకి అవే నాలుగు పేర్లు పెట్టుకుంటే ఎవరు ఎవరి కొడుకో తేల్చడం మా వల్ల కాలేదు. ఆ పనే జీవితంగా పెట్టుకున్నవాళ్ళ కోసం 1979 నుంచి గిల్డ్ ఆఫ్ వన్-నేమ్ స్టడీస్ అని ఒక సంఘం ఉంది. ఒక్కొక్కరు ఒక్కో ఇంటిపేరు పట్టుకుని, ప్రపంచంలో ఆ పేరున్న ప్రతివాణ్ణీ లెక్కగడతారు. ఆయనకి చెప్పాను. "నాకు పెన్షనొచ్చింది గానీ పిచ్చి రాలేదు" అన్నాడు. రెండు వారాల తర్వాత వాళ్ళకి మెయిల్ ఎలా రాయాలని అడిగాడు.

ఒక ఆదివారం కారులో రామ్స్‌బాటమ్ వైపు తీసుకెళ్ళాడు, చోటు చూద్దామని. చూడ్డానికి ఏమీ లేదు. రాతిగోడల మధ్య పచ్చిక వాలు, కింద ఎక్కడో నీళ్ళ చప్పుడు, ఎదురుగా హోల్కమ్ కొండ మీద పీల్ టవర్. బరీలో పుట్టి ప్రధానమంత్రి అయిన రాబర్ట్ పీల్ జ్ఞాపకార్థం కట్టారు. సన్నగా వాన. గోడకి ఆనుకుని ఓ ఏడెనిమిది గొర్రెలు తడుస్తూ నిలబడి ఉన్నాయి, ఒకటి మా వైపు చూసి మళ్ళీ మేతలో పడింది. వెల్లుల్లి వాసన కావాలంటే మే నెలలో రమ్మన్నాడు.

ఫ్రేము ఇప్పుడు వాళ్ళ ముందుగదిలో ఉంది. సింహం తీసేశాడు. దాని బదులు 1839 పెళ్ళి నమోదు కాపీ, రెండు ఇంటూ గుర్తులతో సహా, పెట్టుకున్నాడు. కాగితం ఫ్రేము కన్నా కొంచెం చిన్నది, చుట్టూ తెల్ల అట్ట నేనే కత్తిరించి ఇచ్చాను. సింహాన్ని బాత్రూమ్‌లో అతికించాడట, బాటమ్‌కి తగ్గ చోటు అదే అన్నాడు.

వచ్చే నెల మా షాపులో ఇంకొకావిడ మానేస్తోంది. ఇంటిపేరు హిగిన్‌బాటమ్. గిఫ్టు సంగతి ఎత్తగానే అందరూ నావైపే చూశారు. తలా 5 పౌండ్లు తీయబోతుంటే ఆపాను. ముందు 3 పౌండ్లు ఇవ్వండి, వాళ్ళమ్మ పుట్టింటి పేరేమిటో ఎవరైనా మెల్లగా కనుక్కోండి అన్నాను.